ఏడో సీసా

గాజు సూది మొన కణాన్ని పట్టుకుంది. పట్టిందీ లేనిదీ కంటికి తెలియదు. మైక్రోస్కోపులోంచి చూస్తే సూది సూదిగానే, కణం కణంగానే ఉంటాయి. తెలిసేది తెర మీది గీతకే. ఇంతసేపూ గాలికి అల్లాడిన ఆకుపచ్చ దారం, హప్సారి తన పెదవుల మధ్యనున్న సన్నటి గొట్టంలోంచి చిటికెడు గాలి పీల్చగానే, చదునుగా పరుచుకుంది. ఇంకొకసారి, ఈసారి పసిపిల్ల నుదుటి మీద ఊదినంత మెల్లగా పీల్చింది. పొర తెరుచుకుంది. గీత మెట్టెక్కినట్టు పైకెక్కి అక్కడ నిలబడింది. ఆమె గొట్టాన్ని పళ్ళతోనే వదిలింది. కుర్చీ కదపలేదు, గోడ గడియారం కోసం తల తిప్పలేదు, తెర మూలనున్న అంకెలు చూసింది. రెండూ ఇరవై. నాలుగింటికల్లా ఇంట్లో ఉంటానని పిన్నికి మాటిచ్చింది. ఇవాళ అమ్మ పోయిన నూరో రోజు. పొద్దు గూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక వీధివాళ్ళంతా వచ్చి చాపల మీద కూర్చుంటారు, ప్రార్థన చదువుతారు, అన్నం పొట్లాలూ అపెం రొట్టెలూ చేత పట్టుకుని వెళతారు. ఇలాంటి రోజున కూడా ప్రయోగశాలకి వెళతావా అని పిన్ని అడగలేదు. అడగకుండా బియ్యం కడుగుతూ ఉండిపోయింది. ఆ కడగడంలోనే అడిగింది.

మంచి కణమైతే పన్నెండు నిమిషాలు నిలుస్తుంది, చాలా మంచిదైతే అరగంట. ఈ వారం నాలుగు రోజులుగా ఒక్కటీ నిలవలేదు. రోడ్డు మీద లారీ వెళితే జారిపోతుంది, పక్క గదిలో ఫ్రిజ్ తలుపు కొడితే జారిపోతుంది. అందుకే ఈ గదిలో దీపాలు ఆర్పేసి, ఫోన్లు బయట పెట్టించి, మైక్రోస్కోపుని ఇనుప జాలీ గూట్లో, గాలి మీద తేలే బల్ల మీద నిలబెట్టారు. ఆ గూటికి ముందు కూర్చుంటే ఎప్పుడూ అమ్మ కోడిపిల్లల్ని మూసే గంప గుర్తొచ్చేది. ఎన్నడో ఒక ఎలుక క్లోమం నుంచి తీసి గాజు పళ్ళెంలో తరతరాలుగా పెంచుకొస్తున్న కణం ఇది, ఇన్సులిన్ చేసే జాతి. దాని పొర నిండా వాకిళ్ళు. పుస్తకాల్లో అయాన్ ఛానళ్ళంటారు, పొటాషియం బయటికి పోయే దారులు. గీత ఎత్తుగా ఉందంటే అవి తెరిచి ఉన్నాయని, కిందికి దిగితే మూసుకుంటున్నాయని. రక్తంలో తీపి పెరిగినప్పుడు అవి మూసుకుంటాయి. మూసుకున్నాకే కణం తను దాచుకున్న ఇన్సులిన్‌ని వదులుతుంది.

ఈ సంగతి అమ్మకి ఒకసారి చెప్పింది. వంటింటి గుమ్మంలో కూర్చుని పసుపు కొమ్ములు గీకుతున్న అమ్మ, గీకడం ఆపకుండానే వింది.

"అంటే తలుపేస్తేగాని లోపలావిడ పని మొదలెట్టదన్నమాట."

"అంతేనమ్మా."

"నాకు తెలీని సంగతా? మీ నాన్న రిక్షా వేసుకుని బయటికెళ్ళి తలుపేస్తేగాని నాకు రోలు దగ్గర చెయ్యాడేదా? దీనికి నువ్వు పదకొండేళ్ళు చదివావుటే, నుడుక్!"

నుడుక్. జావాలో తల్లులు ఆడపిల్లని అలా పిలుస్తారు. పిల్లకి నలభై ఏళ్ళొచ్చి జుట్టు నెరిసినా అదే పిలుపు. పిన్ని పేరు పెట్టి పిలుస్తుంది, విద్యార్థులు మేడమ్ అంటారు, ప్రొఫెసర్ విదగ్దో డాక్టర్ హప్సారి అంటారు, ఎప్పుడూ పూర్తిగా, ఒక్క అక్షరం మింగకుండా. వంద రోజులుగా ఆ పిలుపు ఎవరి నోటా వినలేదు. వినలేదని ఇప్పుడే తెలిసినట్టుంది. ఎత్తుగా నిలబడిన గీతని చూస్తూ ఆమె పళ్ళెంలోకి ఉప్పునీటి ధారని నెమ్మదిగా వదిలింది. మొదట ఉత్త ఉప్పునీరు. తర్వాత బజారులో కొన్న చేదు తీగ కాడల కషాయం, ఎండబెట్టి పొడి కొట్టి ఆల్కహాల్‌లో నానబెట్టి వడకట్టినది. గీత కదల్లేదు. కదలదని తెలుసు. మళ్ళీ ఉప్పునీటితో కడిగింది. ఇక చేయాల్సింది ఒక్కటే ఉంది, అది ఆమె ఎడమ చేతి పక్కన మంచు పెట్టెలో కరుగుతోంది. చిటికెన వేలంత గాజు గొట్టం, మీద ఆమె దస్తూరీలో అంకె, ఏడు. రెండు మిల్లీలీటర్లు. ఇంక లేదు. ఇంక ఎప్పటికీ లేదు.

అమ్మ పేరు తుమిరా. జోగ్జా ఊళ్ళో నలభై రెండేళ్ళు వీపున బుట్ట కట్టుకుని కషాయాలు అమ్మింది. తెల్లవారుజామున మూడింటికి లేచి దంచేది, ఆరింటికి బయల్దేరేది, అరటాకు చుట్టి బిరడా పెట్టిన ఎనిమిది సీసాలు వీపు మీద ఒకదానికొకటి తగులుతూ గలగలమనేవి. పసుపూ చింతపండూ ఒక సీసా, బియ్యమూ కచ్చోరమూ ఒకటి, అల్లం ఒకటి. చివరి సీసా చేదుది. బ్రొతొవాలి తీగ కాడలు దంచి పిండిన రసం. ఒళ్ళంతా పులిపిరులున్న తీగ అది, తిప్పతీగకి అక్క వరస. ఒక ముక్క కోసి కంచె మీద పడేస్తే చాలు, మట్టి తగలకపోయినా బతుకుతుంది. చేదు తాగినవాళ్ళకి అమ్మ వెంటనే ఒక గుక్క తీపి కషాయం ఊరికే పోసేది. "చేదు ఇచ్చి పంపేస్తే మనిషికీ మందుకీ తేడా ఏముంది?" అనేది. బడి గేటు ముందు బుట్ట దింపుకుని కూర్చున్న అమ్మని చూసి పదేళ్ళ హప్సారి గోడ వెనక నక్కిన రోజు ఒకటుంది. అమ్మ చూసింది. చూడనట్టు బుట్ట కట్టుకుని అవతలి వీధికి పోయింది. మరునాటి నుంచి బడి వైపు రాలేదు. ఆ మాట ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఎలా ఎత్తేదో అని హప్సారి చాలాసార్లు అనుకుంది, క్లాసులో పాఠం మధ్యలో కూడా.

బుట్ట దింపుకోవడం అమ్మకి ఒక పద్ధతిలా ఉండేది. ముందు కుడి మోకాలు వంగేది, తర్వాత ఎడమది, వీపు నిటారుగానే ఉండేది, మెడ చుట్టూ తిప్పిన బట్ట ముడిని ఒక చేత్తో వదులు చేస్తూ ఇంకో చేత్తో బుట్ట అంచు పట్టుకుని, ఒక్క సీసా కూడా చప్పుడు చేయకుండా నేలకి ఆనించేది. ఎత్తుకునేటప్పుడు గలగలమన్న సీసాలు దింపేటప్పుడు ఎందుకు గలగలమనవని అడిగితే, "ఎత్తుకునేటప్పుడు నలుగురికీ తెలియాలి, దింపుకునేటప్పుడు ఎవరికి తెలిస్తే ఏం?" అంది.

ఏడో సీసా అనుకుని తెచ్చింది కాదు. ఏడాదిన్నర కిందట, విదగ్దో గారికి ఒంట్లో చక్కెర ఎక్కువైందని విని, అమ్మ ఒక సీసాడు చేదు పట్టుకుని ప్రయోగశాలకే వచ్చేసింది. ఆయన నవ్వి, ఒక గ్లాసు తాగి, మొహం చిట్లించి, మిగిలింది చూపిస్తూ, డాక్టర్ హప్సారి, మీ అమ్మగారిది కూడా ఆ కణం మీద వేసి చూడండి, నా మొహం మీద పనిచేసింది కదా, అన్నారు. సరదాకన్నారు. అప్పటికి బజారు కాడలతో చేసిన ఆరు నమూనాలూ ఏమీ చేయలేదు. ఏడోది వేసిన ఆరు నిమిషాల్లో గీత మెల్లగా, నిదానంగా, అడుగంటా దిగింది. మరునాడు ఇంకో కణం మీద, ఆ మరునాడు మరో మూడు. అయిదింటికి అయిదు. హప్సారి ఆ రాత్రి ఇంటికెళ్ళి అమ్మ చేతులు రెండూ పట్టుకుంది. పట్టుకుని, ఆ చేతుల్నే చూసి, అంది ఈ మాట.

"అమ్మా, ఈసారి ప్రయోగశాల కోసం చేసేటప్పుడు పద్ధతిగా చెయ్యాలి. ముందు సబ్బుతో చేతులు కడుక్కో. మోచేతుల దాకా. తాంబూలం వేసుకోవద్దు ఆ రోజు. ఇదిగో, నీళ్ళు కూడా నేనే తెచ్చాను, శుద్ధి చేసినవి."

"నా చేతులు మురికా?"

"మురికని కాదమ్మా. మా వ్యాసాలు వేసే సైన్సు పత్రికవాళ్ళు ఏదో ఒకటి అంటారు. ఉమ్ము పడిందంటారు, మన్ను పడిందంటారు."

"సరేలే. దొరలకి వడ్డించేటప్పుడు కడుక్కోమా ఏం," అని అమ్మ నవ్వేసింది.

ఎనిమిదో సీసా ఏమీ చేయలేదు. తొమ్మిది, పది కూడా. ఒకే కంచె తీగ, ఒకే రోలు, ఒకే మనిషి. విదగ్దో గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఒక్కసారి జరిగినది జరిగినట్టు కాదండీ, అన్నారు. అది నిజమే, ఆమె కూడా పిల్లలకి అదే చెబుతుంది. పది కూడా పోయిన రోజు అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏమైందే అంది. ఏం లేదమ్మా, గీత కదల్లేదు, అంది హప్సారి, చెప్పులు విప్పుతూ, మొహం ఎత్తకుండా. అమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. "ముసలిదాన్నయ్యాగా. చేతిలో పస పోయిందేమోలే," అంది. అంతే. తర్వాత ఇద్దరూ అన్నం తిన్నారు, వేయించిన టెంపే సోయా బిళ్ళలు, మిరపకాయ పచ్చడి, అమ్మ రెండోసారి కూడా పెట్టుకుంది. బాధపడినట్టు లేదు. లేదనే హప్సారి అనుకుంది. మూడున్నర నెలల కిందట అమ్మకి జ్వరం తగిలింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది, నాలుగో రోజు మనిషే లేదు. ఏడో రోజు ప్రార్థనకి వచ్చిన ముసలి రిక్షా అతను ఒకాయన, చాప అంచున కూర్చుని, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. మీ అమ్మ ఏడాదిగా మాకు చేదు పోయడం మానేసిందమ్మా. ఎందుకు తేవట్లేదు తల్లీ అంటే, మా అమ్మాయి యంత్రం పెట్టి చూసింది, అందులో ఏమీ లేదంట, ఉత్త చేదు పోసి మిమ్మల్ని ఎందుకు మోసం చెయ్యను అంది. ఎనిమిది సీసాల బుట్టలో ఏడే ఉండేవి. అదే ఇంట్లో ఉన్న హప్సారి ఏడాది పాటు చూడలేదు.

రెండూ నలభై. గీత నిలబడే ఉంది. ఇంతసేపు నిలబడిన కణం ఆమె చేతిలో ఈ మధ్య లేదు. నెలాఖరులోగా పత్రికవాళ్ళకి జవాబు రాయాలి, ఏడో నమూనాని మళ్ళీ చూపిస్తారా, వ్యాసంలోంచి తీసేస్తారా అని అడిగారు. చూపించడానికి ఉన్నది ఈ గొట్టంలోదే. వేస్తే, గీత దిగితే, ఏడో సీసాలో ఏదో ఉందని తెలుస్తుంది, ఆ ఏదో మాత్రం అయిపోతుంది, మళ్ళీ చేయగలిగిన చేతులు లేవు. దిగకపోతే, మంచులో ఏడాదిన్నర ఉండి పాడైందో, మొదటినుంచీ పొరపాటో, అది కూడా తెలియదు. ఎటు చూసినా తెలియకపోవడమే. ఈ లెక్క ఆమెకి బస్సులోనే తెలుసు. తెలిసే వచ్చింది. వేయకుండా దాచుకోవడం కూడా ఒక రకం అబద్ధమనిపించింది, అమ్మ చెప్పలేని అబద్ధం. ఆమె గొట్టం మూత తిప్పింది. వాసన రాలేదు. చేదుకి వాసన ఉండదు. చిన్నప్పుడు ఒళ్ళు వెచ్చబడితే అమ్మ రెండు వేళ్ళతో ముక్కు మూసి పోసేది, ముక్కు మూయక్కర్లేదమ్మా దీనికి వాసన లేదు అంటే, వాసన కోసం కాదే, నీ చెయ్యి ఖాళీగా ఉంటే గ్లాసు తోసేస్తావని, నా చెయ్యి పట్టుకుని లాగడానికి రెండు చేతులూ పెడతావుగా, అనేది.

వెనక తలుపు వేలెడంత తెరుచుకుంది. చెప్పులు లేని అడుగులు. జంతుశాల చూసుకునే గియెం పెద్దమ్మ, అమ్మకి పాత స్నేహితురాలు. అరవై దాటింది, ఎలుకలకి మేత పెట్టి, పెట్టెలు కడిగి, మెట్ల మీద తాంబూలం నమిలి, ఇంటికెళుతుంది. ఈ గదిలో గీత పట్టున్నప్పుడు ఎలా నడవాలో పట్టాలున్నవాళ్ళకంటే ఆమెకే బాగా తెలుసు. గోడ పట్టుకుని వచ్చి, గుసగుసగా అంది.

"నిలబడిందా, మేడమ్?"

"ఇరవై నిమిషాలు, పెద్దమ్మా."

"అబ్బో! ఇది మగకణం కాదులే అయితే." గియెం నోరు మూసుకుని నవ్వింది. "మీ పిన్ని నా ఫోనుకి చేసింది. మీది పలకట్లేదంట. మీ అమ్మ సున్నం డబ్బా ఎక్కడుందని అడుగుతోంది. పళ్ళెంలో పెట్టాలంట, ఆమెకి ఇష్టమైనవన్నీ పెట్టి సున్నం లేకపోతే తాంబూలం ఎట్లా అని."

"దిండు కింద. చిన్న ఇత్తడి డబ్బా. కొంగుకి కట్టుకునేది."

"కొంగుకేం, బొటనవేలికే కట్టుకుని ఉండేది మీ అమ్మ సున్నం. ఎప్పుడు చూడు తెల్లగా. కాడలు పిండేటప్పుడు కూడా అట్లాగే. నేను తిట్టేదాన్ని, ఒసే తుమిరా, రసంలో కలుస్తుందే అంటే, కలిస్తే ఎముకలకి మంచిదేలే అనేది." గియెం ఆగింది. "ఆ ఎనిమిదో సీసా తెచ్చినరోజు మాత్రం నేను ఆకు ఇచ్చినా వేసుకోలేదు. చెయ్యి నా మొహం ముందు పెట్టి చూపించింది, చూడవే ఎంత తెల్లగా కడిగానో, మా అమ్మాయి కడుక్కోమంది అని. ఎంత గొప్పగా చెప్పిందనుకున్నావ్."

హప్సారి చేయి గాలిలో ఆగిపోయింది. గొట్టంలోంచి ఒక చుక్క అంచుదాకా వచ్చి, పడకుండా వేలాడింది. ఆమె గొట్టాన్ని నిలువుగా తిప్పింది. చుక్క వెనక్కి పోయింది. మూత పెట్టింది. తెల్లటి బొటనవేలు. బడి చొక్కా గుండీ పెడుతుంటే గుండీ మీద తెల్ల మరక. జడ వేస్తే రిబ్బన్ మీద. డిగ్రీ పట్టా చూపిస్తే పట్టా మూలన, ఇప్పటికీ ఉంది, ఆరోజు ఎంత కోపమొచ్చిందో. ఆ వేలితోనే ఆకుకి సున్నం రాసేది, రాసిన వేలితోనే దంచిన కాడల్ని గుడ్డలో మూటకట్టి పిండేది, పిండి పిండి ఆ వేలు ఒక పక్కకి వంగిపోయింది. సున్నం క్షారం. క్షారం తగిలితే కొన్ని చేదులు కాడని వదిలి నీళ్ళలోకి వస్తాయి, ఇది రెండో సంవత్సరం పాఠం, ప్రతి జూలైలో బోర్డు మీద రాసి చెబుతుంది, ఇరవై మంది రాసుకుంటారు. తనే కడిగించేసింది. మోచేతుల దాకా. సబ్బుతో. కడిగిన చేతులు అమ్మ గొప్పగా చూపించుకుంది.

"ఏమైందమ్మా?" అంది గియెం. "ఏడుస్తున్నావా? బల్ల కదులుతుంది."

"ఏడవట్లేదు పెద్దమ్మా. ఇక్కడ మన కంచె మీద అమ్మ నాటిన తీగ ఉందిగా."

"నాటిందేమిటి, పారేసింది. అదే పాకి ఎలుకల కిటికీ మూసేస్తోంది."

"జానెడు కాడ కోసుకురా. నీ దగ్గర సున్నం ఉందా?"

గియెం ఆమె మొహంలోకి చూసింది. ప్రయోగశాలలో తాంబూలం నిషేధం, ఆ కాగితం మీద సంతకం కూడా హప్సారిదే. "నేనెందుకు పెట్టుకుంటా మేడమ్, నాకు తెలీదా రూల్సు," అంది, రొంటిన చెయ్యి పెట్టి డబ్బా తీస్తూనే.

రెండూ యాభై రెండు. కణం ఒంటరిగా చీకట్లో ఉంది, దాన్ని వదిలి హప్సారి లేచింది. లేవడానికి నిమిషం పట్టింది, ముందు ఒక మోకాలు, తర్వాత ఇంకోటి, కుర్చీ కిర్రుమనకుండా. బయటి గదిలో గియెం రాతి కల్వంలో కాడ దంచుతోంది, తడి తడి చప్పుడు, చిన్నప్పుడు ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది, వచ్చి మళ్ళీ నిద్రపట్టేది, ఎవరో మేలుకుని ఉన్నారు కాబట్టి నిద్రపోవచ్చు అన్న నమ్మకం అది, వంద రోజులుగా తెల్లవారుజామున మెలకువ వస్తోంది, చప్పుడు లేదు, నిద్ర తిరిగి రాదు. ఆమె చేతి తొడుగులు పెట్టెలోంచి లాగింది. లాగి, ఒక్క క్షణం చూసి, పక్కన పెట్టింది. సున్నంలో ఉండేది కాల్షియం, కాల్షియాన్ని కూడా ఈ కణం కనిపెడుతుంది, కాబట్టి ముందు ఒట్టి సున్నం చూడాలి, కాడ లేకుండా. ఎంత ఆత్రమున్నా అది ముందు. చిటికెడు సున్నం నీళ్ళలో వేసి, తేటని వడకట్టి, ఆమ్లం చుక్క చుక్కగా వేసి కణానికి సరిపడేలా చేసింది. రెండోదానికి బొటనవేలు డబ్బాలో ముంచింది.

"ఎంత సున్నం వేసేది పెద్దమ్మా, అమ్మ?"

"వేసేది ఎక్కడ? అంటుకున్నంత."

గుడ్డలో మూటకట్టి పిండింది. మొదట ఏమీ రాలేదు. "ఊళ్ళో అందరికీ పాఠాలు చెబుతావు, గుడ్డ పిండటం రాదు," అంది గియెం, ఆమె చేతి మీద తన చేయి వేసి మెలి తిప్పుతూ. "ఇట్లా. వేలు లోపలికి నొక్కు. అదీ, నుడుక్." రసం వచ్చింది, మామూలుగా వచ్చే పాలిపోయిన ఆకుపచ్చ కాదు, పసుపు కలిసిన ముదురు రంగు. ఈ రంగు ఆమె ఎక్కడ చూసిందో తెలుసు. ఏడో గొట్టంలో చూసింది. ఏడాదిన్నరగా చూస్తూనే ఉంది. రంగు వేరుగా ఉందని నోట్‌బుక్‌లో రాసుకుంది కూడా, కాడ ముదిరిందేమో అని పక్కన రాసి, ప్రశ్నార్థకం పెట్టింది. నుడుక్ అన్న మాట తను అన్నానని గియెంకే తెలియలేదు. హప్సారి తల ఎత్తకుండా గుడ్డ పిండుతూనే ఉంది. గుర్తుచేస్తే మళ్ళీ అనదేమోనని.

దూరంగా మెరాపి కొండ వైపు ఉరుము. రోజూ వాన మూడూ పదిహేనుకి. మూడూ ఎనిమిదికి ఆమె కుర్చీలో ఉంది, గీత అక్కడే ఉంది, నలభై ఎనిమిది నిమిషాలు, నమ్మలేక అంకెలు రెండుసార్లు చదివింది. ఇంత ఓపిక నీకెక్కడిది, అనుకుంది, కణాన్నో ఎవరినో. ఒట్టి సున్నం తేట వదిలింది. గీత ఒకసారి సన్నగా వణికి, సర్దుకుని, అక్కడే నిలబడింది. రెండు నిమిషాలు. మూడు. అక్కడే. కడిగింది. అప్పుడు పిండిన రసం, ఆమ్లంతో సరిచేసి వడకట్టినది, ధారలోకి వదిలింది. గియెం గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది, ఆ గీత అంటే ఏమిటో ఆమెకి తెలియదు, కిందికి దిగితే మంచిదని మాత్రం తెలుసు. ఒక నిమిషం ఏమీ లేదు. హప్సారికి తను ఏం కోరుకుంటోందో కూడా ఆ నిమిషంలో భయమేసింది. దిగితే అమ్మ చేతిలో పస ఎప్పుడూ పోలేదు, పోగొట్టింది తను. దిగకపోతే తన తప్పు లేదు, అమ్మ చేతిలోనూ ఏమీ లేదు. రెండో నిమిషం. దిగు, అంది పెదవులతో. నా తప్పే కానీ, దిగు.

గీత కుడి మోకాలు వంచింది. అలాగే అనిపించింది ఆమెకి. ఒక చిన్న వంపు, ఆగడం, తర్వాత ఇంకో వంపు. తొందర లేదు. వీపు నిటారుగానే ఉంది. నాలుగో నిమిషానికి సగం, అయిదుకి ఇంకా కిందికి, ముడి ఒక చేత్తో వదులు చేస్తూ, అంచు ఒక చేత్తో పట్టుకుని, ఆరో నిమిషానికి నేలకి ఆనింది. ఒక్క సీసా చప్పుడు చేయలేదు.

"దిగింది కదా?" అంది గియెం.

"దిగింది పెద్దమ్మా."

ఇక కడగాలి. కడిగితే గీత మళ్ళీ లేవాలి, అప్పుడే ఇది కణం చచ్చి దిగింది కాదని తేలేది, లేవకపోతే ఇంతసేపూ చూసినదానికి విలువ లేదు. ఆమెకి కడగాలని లేదు. ఒక నిమిషం ఉండనిచ్చింది, అంతకంటే ఉండనివ్వడం పద్ధతి కాదు, ఉప్పునీరు వదిలింది. గీత లేచింది, నెమ్మదిగా, అమ్మ బుట్టెత్తుకుని పక్క వీధికి బయల్దేరినట్టు. పూర్తిగా పైకి వచ్చి నిలబడిన కొద్దిసేపటికి కిటికీ తెల్లగా వెలిగింది, ఉరుము భవనం మీదే పడినట్టు పడింది, తెర ఒక్కసారి గిలగిలలాడింది. కరెంటు పోలేదు. కణం పోయింది. గంటా నాలుగు నిమిషాలు. గీత మళ్ళీ గాలికి అల్లాడే దారమైంది. ఆమె అప్పటికే దాన్ని భద్రం చేసింది, రెండు చోట్ల.

ఒక్కసారి జరిగినది జరిగినట్టు కాదు. ఇంకా పదకొండు కణాల మీద చూడాలి, ఇంకొకరి చేత కూడా చేయించాలి, కాడలో ఏది సున్నానికి లొంగిందో వెతకాలి, ఒక ఏడాది పని. విదగ్దో గారికి రేపు చెప్పాలి. ఇంకో మనిషికి కూడా చెప్పాలి, ఆ చాప అంచున కూర్చున్న రిక్షా ఆయనకి, ఇవాళ వస్తాడు, వంద రోజుల అన్నానికి రాకుండా ఉండడు. అబద్ధం ఆడలేదు మా అమ్మ, మిమ్మల్ని మోసం చెయ్యలేదు, యంత్రం దగ్గర కూర్చున్నదానికే తెలియలేదు, అని చెప్పాలి. ఏడో గొట్టాన్ని ఆమె తిరిగి మంచు అరలో పెట్టింది. రెండు మిల్లీలీటర్లు, ఒక్క చుక్క తగ్గకుండా. నోట్‌బుక్ తెరిచి, ఏడాదిన్నర కిందటి పేజీకి వెళ్ళి, తయారీ విధానం అన్నచోట తను రాసిన మామూలు నీటి కషాయం అన్న మాటని ఒక్క గీతతో కొట్టేసింది. చదవగలిగేలా కొట్టేయాలి, తప్పుని తుడవకూడదు, అది కూడా పిల్లలకి చెప్పే మాటే. పక్కన రాసింది. సున్నం, అంటుకున్నంత. తయారు చేసినవారు, తుమిరా.

వాన పెద్దదైంది. తొట్టి దగ్గర కుళాయి తిప్పి చేతులు కింద పెట్టబోయి ఆగింది. తొట్టి పైన గోడకి అట్ట ముక్క, బయటికి వెళ్ళేముందు చేతులు సబ్బుతో కడుక్కోవలెను, అక్షరాలు తనవే. కుడి బొటనవేలు గోరు దాకా తెల్లగా ఉంది, ఆరిపోయి గీతలు గీతలుగా పగులుతోంది. మిగతా తొమ్మిది వేళ్ళూ కడుక్కుంది. కుళాయి కట్టేసింది.

గియెం గొడుగు విప్పుతూ చూసింది. "అది మిగిలిపోయింది. సబ్బు అదిగో, నీ చెయ్యి పక్కనే."

"ఉండనీ పెద్దమ్మా," అంది హప్సారి. "ఇంటికెళ్ళి అమ్మ ఆకులకి నేనే రాయాలి."